సాగరతీరం నుంచి హిమగిరులకు... తొందర ప్రాణాంతకం!

నెల్లూరు నగరం సముద్రమట్టానికి కేవలం 20 మీటర్ల ఎత్తున ఉంది. అమర్‌నాథ్ గుహ ఎత్తు సుమారు 3,888 మీటర్లు. కైలాస పరిక్రమలో దాటవలసిన డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైమాటే. ఈ తేడాను శరీరం ఎలా భరిస్తుందన్నది తీరప్రాంతం నుంచి యాత్రకు గానీ, పర్వతారోహణకు గానీ బయలుదేరేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

గాలిలో ప్రాణవాయువు పాళ్లు ఎక్కడైనా 21 శాతమే. అయితే ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు క్షీణిస్తుంది. 5,500 మీటర్ల వద్ద అది తీరంలో లభించే దానిలో సగమే. ఈ లోటుకు అలవాటు పడేందుకు శరీరానికి కొన్ని రోజుల వ్యవధి అవసరం. చెన్నైలో విమానమెక్కి ఒక్క రోజులోనే 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో దిగేవారికి ఆ వ్యవధి దక్కదు. అక్కడ కనీసం రెండు రోజులు విశ్రమించాకే ముందుకు సాగాలని వైద్యులు సూచిస్తారు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలమన్న ధీమా చాలామందిలో ఉంటుంది. మంచిదే. మైపాడు ఇసుకలో వేకువ నడక, వీపున బరువుతో ఉదయగిరి దుర్గం కొండ ఎక్కడం కాళ్లకు, గుండెకు చక్కని సాధన. వీటిని రెండు మూడు నెలల ముందే ఆరంభించాలి. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లకు లోపే. పలుచని గాలికి ఒంటిని అలవాటు చేయగల కొండ ఈ ప్రాంతంలో లేదు. పైగా దేహదారుఢ్యం ఎత్తు జబ్బును ఆపలేదు. బలంగా ఉన్న యువకులే వేగంగా ఎక్కి ముందుగా కుప్పకూలే సందర్భాలూ ఉన్నాయి.

అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదన్నది పర్వతారోహకులు పాటించే నియమం. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తప్పనిసరి. తలనొప్పి, వికారం, నిస్సత్తువ కనిపిస్తే అక్కడే ఆగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తులలో, అడుగులు తూలుతుంటే మెదడులో నీరు చేరుతున్నట్లు అనుమానించాలి. అప్పుడు తెల్లవారేదాకా వేచి చూడరాదు, వెంటనే కిందకు దించాలి. మద్యం, నిద్రమాత్రలు పనికిరావు. ఎసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. రక్తపోటు, మధుమేహం, రక్తహీనత, గుండె జబ్బులు ఉన్నవారు ముందే పరీక్షలు చేయించుకోవాలి. అమర్‌నాథ్ యాత్రకైతే ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి.

మస్తాన్‌బాబు పయనం

సంగం మండలం గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19 నుంచి జులై 10 వరకు 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించారు. ఆ ఏడాది మే 21న ఎవరెస్టుపై నిలిచారు. అంతటి అనుభవజ్ఞుడే 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాలపైకి ఒంటరిగా వెళ్లి, ప్రతికూల వాతావరణంలో చిక్కుకున్నారు. ఏప్రిల్‌లో ఆయన మృతదేహం లభించింది. కొత్తగా కొండకు బయలుదేరేవారు తోడు లేకుండా వెళ్లరాదు. మార్గం, తిరిగివచ్చే తేదీ ఇంట్లో రాసి ఇవ్వాలి. మబ్బు కమ్మితే శిఖరం కనుచూపు మేరలో ఉన్నా వెనుదిరగాలి.

ఇక చలి సంగతి. ఉక్కపోతకు అలవాటైన తీరవాసులు నూలు బట్టలే సర్దుకుంటారు. చెమటకు తడిసిన నూలు చలిగాలిలో త్వరగా ఆరక ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల త్వరగా ఆరే దుస్తులు, వాటిపై ఉన్ని, పైన గాలివాన ఆపే కోటు... ఇలా పొరలుగా ధరించాలి. బూట్లను ప్రయాణానికి నెల ముందే కొని రోజూ తొడిగి నడవాలి. అయితే మైపాడు ఇసుకలో కాదు, ఉదయగిరి రాళ్లపైన.