పెరటిలోని వేధశాల

విశాఖపట్టణపు రేవునకు వచ్చు ఓడలకు దూరమునుండియే కనబడునది ఒక కొండకొమ్ము. సముద్రములోనికి మూతి చాచిన డాల్ఫినువలె నుండుటచే దానికి డాల్ఫిన్స్ నోస్ అను పేరు కలిగినది. నేడు దానిపై గల దీపస్తంభము రాత్రివేళ నావికులకు దారి చూపుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున అదే కొండపై ఒక జెండాకొయ్య ఉండెడిది. ప్రతిదినమును నిర్ణీత సమయమున అచ్చట జెండాతో సంకేతము చేయుచుండెడివారు. రేవులోని నావికులును, పట్టణములోని ప్రజలును ఆ సంకేతమును చూచి తమ గడియారములను సరిదిద్దుకొనెడివారు.

ఆ దినములలో రేడియో లేదు. మఱి సరియైన కాలమిదియని ఆ జెండా యెత్తువారికి చెప్పిన దెవరు? నక్షత్రములు చెప్పినవి. వానినడిగి తెలిసికొన్నవాడు, డాబా గార్డెన్స్ అను ప్రాంతమున తన యింటియొద్ద వేధశాలను కట్టుకొన్న ఒక తెలుగు జమీందారు. ఆయన పేరు గోడే వెంకట జగ్గారావు.

వేధ యనగా గ్రహనక్షత్రములను గుఱిపెట్టి చూచి, వాని స్థానములను కొలుచుట. అట్టి పని జరుగు చోటు వేధశాల. జగ్గారావు 1817లో జన్మించెను. సంపన్నుల బిడ్డ యయ్యును ఆయనకు గణితముపై మక్కువ మెండు. అందుచే మద్రాసునకు పోయి, అచ్చటి ప్రభుత్వ వేధశాలాధికారి టేలరువద్ద శుశ్రూష చేసి ఖగోళశాస్త్రము నేర్చుకొనెను. మద్రాసు వేధశాల 1792లో కట్టబడినది. టేలరు అచ్చట ఏండ్ల తరబడి శ్రమించి, 11 వేలకు మించిన నక్షత్రముల స్థానములను పట్టికగా వ్రాసినవాడు. అట్టి గురువునొద్ద చదివిన శిష్యునకు ఓపికయే మొదటి పాఠమై యుండును. జగ్గారావు స్వస్థలమునకు తిరిగివచ్చి, 1840లో తన స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పెను.

ఒక జమీందారు చుక్కలను చూచుటకును, ఓడలు క్షేమముగా ప్రయాణము చేయుటకును గల సంబంధ మేమి? దానిని కొంచెము విచారింతము.

భూమి 24 గంటలలో ఒకమారు, అనగా 360 డిగ్రీలు తిరుగును. కావున గంటకు 15 డిగ్రీలు. ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. తూర్పుననున్న ఊరికి సూర్యుడు ముందు వచ్చును; పడమటనున్న ఊరికి వెనుక వచ్చును. విశాఖపట్టణము మద్రాసునకు తూర్పుగా దాదాపు 3 డిగ్రీల దూరమున నున్నది. కావున మద్రాసులో మిట్టమధ్యాహ్నమగుటకు సుమారు 12 నిమిషములు ముందే విశాఖలో మిట్టమధ్యాహ్నమగును. 1906లో దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. అంతకు పూర్వము ఊరూరికి వేరు కాలముండెడిది.

నడిసముద్రములో నున్న ఓడకు తూర్పు పడమరలలో తానెంత దూరము వచ్చినదో తెలియవలెనన్న ఇదియే ఆధారము. నావికుడు బయలుదేరిన రేవు కాలమును చూపు గడియారమును వెంట నుంచుకొనును. తానున్న చోట సూర్యునో నక్షత్రమునో చూచి అచ్చటి కాలమును లెక్కించును. ఆ రెండు కాలముల భేదమే అతని దూరమును తెలుపును. ఐతే ఆ గడియారము తప్పినచో? నాలుగు సెకండ్ల తప్పునకు విశాఖపట్టణపు అక్షాంశమున ఓడ స్థానము సుమారు ఒకటిముప్పాతిక కిలోమీటర్లు తప్పును. ఒక నిమిషము తప్పినచో 26 కిలోమీటర్లకు పైగా తప్పును. చీకటిరాత్రి అంతటి తప్పుతో తీరమును సమీపించు ఓడ రాతిమీద పడవచ్చును. అందలి మనుష్యుల ప్రాణములు రేవులో దిద్దుకొన్న ఒక గడియారముపై నాధారపడి యుండెడివి.

గడియారమును దిద్దుటకు నక్షత్రమునకు మించిన సాక్షి లేదు. ఉత్తర దక్షిణములకు సరిగా నిలిపిన దూరదర్శినిలో సన్నని దారము నిలువుగా నుండును. ఒక నక్షత్రము ఆ దారమును దాటు క్షణమును పరిశీలకుడు గడియారముతో సరిచూచును. ఆ నక్షత్రము ఆ దినమున ఏ క్షణమున దాటవలెనో పట్టికలో నుండును. రెండును కలిసినచో గడియారము సరియైనది. కలియనిచో ఆ భేదమే గడియారపు తప్పు. చూచుటకు ఇంత చిన్న పని. కాని మబ్బులేని ప్రతి రాత్రియు, నిద్రను మాని, దీనిని చేయువాడుండవలెను.

జగ్గారావు 1856లో మరణించెను. అంతటితో ఆ వేధశాల మూతపడియుండవలసినదే. కాని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ భారమును తలకెత్తుకొనెను. మామగారి ఆస్తిని కాపాడిన అల్లుళ్లు లోకములో పెక్కుమంది కలరు. మామగారి అలవాటును కాపాడినవా రరుదు. నరసింగరావు గ్రహగతులతోపాటు వానను, గాలిని, ఎండను గూడ కొలిచి వ్రాయించుచుండెను.

1868 నవంబరు 5న బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచెను. నరసింగరావు విశాఖనుండి దానిని పరిశీలించెను. 1874లో ఆయన 6 అంగుళముల కటకము గల దూరదర్శినిని నెలకొల్పెను. ఆ సంవత్సరమే డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యుని దాటినది. ఆనాడు అనేకదేశముల శాస్త్రజ్ఞులు భూమి నలుమూలలకు పోయి దానిని కనిపెట్టుచుండిరి. దీని కింత ప్రాముఖ్య మేల? దూరదూరముగా నున్న రెండు చోట్లనుండి చూచువారికి శుక్రుడు సూర్యబింబముపై కొంచెము వేఱువేఱు మార్గములలో నడచినట్లు కనబడును. వ్రేలిని ముఖమున కెదురుగా నుంచి ఒక కన్ను తరువాత ఒక కన్ను మూసి చూడుడు. వ్రేలు వెనుకనున్న గోడపై జరిగినట్లు తోచును. ఇదియు నట్టిదే. ఆ భేదమును కొలిచి సూర్యుని దూరమును గణింపవచ్చును. ఆ దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నేడు మన మెరుగుదుము. అట్టి మహాకార్యమునందు ఒక తెలుగు పట్టణపు తోటనుండి జరిగిన పరిశీలన గూడ చేరినది. లండనులోని రాజకీయ ఖగోళ సంఘము నరసింగరావును తన సభ్యునిగా స్వీకరించెను.

1892లో నరసింగరావు మరణించెను. ఆ తరువాత కుటుంబమువారు కొంతకాలము వేధశాలను నడపిరి. పిమ్మట అది క్రమముగా కనుమరుగయ్యెను. డాబా గార్డెన్స్ నేడు అంగళ్లతోను, మేడలతోను క్రిక్కిరిసిన వీధి. అచ్చట ఆగి పైకి చూచువారు లేరు.

హైదరాబాదున నిట్టిదే మఱియొక కథ జరిగినది. దాని ముగింపు వేఱు. నవాబు జఫర్ జంగ్ 1901లో తన ఎస్టేటునందు వేధశాలను స్థాపించి, 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. ఆయన మరణానంతరము నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించినది. దేశదేశముల వేధశాలలు ఆకాశమును వాటాలుగా పంచుకొని నక్షత్రముల పట్టికను తయారుచేసినపుడు, ఒక వాటా ఆ నిజామియా వేధశాలకు వచ్చెను. అచ్చట పనిచేయు ఒక ఉద్యోగి కుమారుడు ఆ దూరదర్శినుల నడుమ పెరిగెను. అతడే పిమ్మట ప్రపంచప్రఖ్యాతుడైన ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పు. ఒకరు పెట్టిన దీపమును మఱియొకరు చేతికందుకొన్న చోట వెలుగు నిలిచినది.

ఇంటి పెరటిలో చిన్న వేధశాల కట్టుట నేడును అసాధ్యము కాదు. దాని పద్ధతి తెలిసికొనుట మంచిది.

మొదట కట్టవలసినది గోపురము కాదు, దిమ్మ. దూరదర్శినిని మోయు సిమెంటు దిమ్మను గట్టినేల తగులువరకు త్రవ్వి, పునాది వేసి లేపవలెను. గదినేల ఆ దిమ్మకు ఎక్కడను తగులరాదు. చుట్టును వ్రేలెడు సందు విడువవలెను. ఈ నియమమును నేనొకప్పుడు లక్ష్యపెట్టక, మా పెరటిలో నేలను దిమ్మతో కలిపి పోయించితిని. ఆ రాత్రి చంద్రుని చూచుచుండగా మనుమడు గదిలో అడుగుపెట్టెను. చంద్రుడు గడగడ వణకెను! మరునాడు మేస్త్రీని పిలిచి నేలను కోయించితిని. దూరదర్శిని వస్తువును నూరురెట్లు పెంచి చూపునపుడు మన అడుగుల అదురును గూడ నూరురెట్లు పెంచును.

తరువాత దూరదర్శినికి ఇరుసు. నక్షత్రములన్నియు ధ్రువుని చుట్టు తిరుగుచున్నట్లు కనబడును గదా. ఇరుసును ధ్రువుని వంకకు గుఱిపెట్టినచో, దానినొక్కదానిని మెల్లగా త్రిప్పుటచేతనే నక్షత్రమును వెంబడింపవచ్చును. ధ్రువుని ఎత్తు ఊరి అక్షాంశమునకు ఇంచుమించుగా సమానము. విశాఖపట్టణమున అది 18 డిగ్రీలకు కొంచెము తక్కువ. అందుచే మన ధ్రువుడు ఆకాశమున చాల దిగువనుండును. ఉత్తరముననున్న పొరుగువారి 30 అడుగుల మేడ 70 అడుగులలోపల నున్నచో ధ్రువుడు మరుగైపోవును. స్థలము నెన్నుకొనునపుడు ఈ లెక్క మరువరాదు.

ఇక గోపురము. వృత్తాకారపు గోడపై ఇనుప పట్టా వంచి బిగించి, దానిపై చక్రములతో తిరుగునట్లు గోపురమును నిలుపుదురు. అంచునుండి శిఖరము దాటువరకు దానికి ఒక చీలిక వంటి ద్వారముండును. చీలికను కావలసిన దిక్కునకు త్రిప్పి అందుండి చూతురు. లోపలి గాలియు వెలుపలి గాలియు ఒకే చల్లదనమునకు వచ్చువరకు నక్షత్రములు చలించుచునే కనబడును. కావున గంటసేపు ముందుగానే ద్వారమును తెరచి యుంచవలెను. ఎండవేడిమి సోకకుండుటకు గోపురమునకు వెలుపల తెల్లరంగు వేయుదురు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. కటకములపై తేమ చేరి బూజుపట్టును. తుపానుగాలికి లేచిపోకుండ గోపురమును కొక్కెములతో గోడకు బిగింపవలెను.

తుపానన్న మాట రాగా ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. చెట్లు కూలినవి, విద్యుత్ స్తంభములు ఒరిగినవి, కొన్ని దినములు నగరము చీకటిలో మునిగినది. మబ్బు విడిపోయిన ఒక సాయంకాలము మా వీధి పిల్లలు మేడపై కెక్కి, ఆకాశమున అడ్డముగా పరచుకొన్న తెల్లని చారను చూపి, “అది మబ్బా, మాష్టారూ?” అని అడిగిరి. అది పాలవెల్లి. కోట్లకొలది నక్షత్రముల వెలుగు. ఆ పిల్లలు దానిని పుస్తకములో చదివినవారే. తమ నెత్తిమీద నెన్నడు చూడలేదు. రేవు దీపములు, ఉక్కు కర్మాగారపు వెలుగులు, వీధిదీపములు మనకు అన్నము పెట్టుచున్నవి, వానిని నిందింపరాదు. కాని ఆకాశమునకు పోవు వెలుగు ఎవరికిని ఉపయోగపడదు. దీపమునకు మూత పెట్టి వెలుగును నేలకు మరల్చినచో, దారియు కనబడును, చుక్కయు కనబడును.

గోపురము కట్టు శక్తి అందరికి నుండదు. అందుచే నిరుత్సాహపడ వలదు. పాఠశాల ఆవరణలో ఒక కఱ్ఱను నిట్టనిలువుగా పాతుడు. దాని నీడ మిక్కిలి పొట్టియైన క్షణమే మీ యూరి మిట్టమధ్యాహ్నము. ప్రతిదినము ఆ నీడను కొలిచి, తేదీతో వ్రాసియుంచుడు. విశాఖవాసులకు మే నెల రెండవ వారములో ఒకనాడు, ఆగస్టు మొదటి దినములలో ఒకనాడు, మధ్యాహ్నము ఆ నీడ మాయమగును. సూర్యుడు సరిగా నడినెత్తిన నుండును. ఒక సంవత్సరము విడువక వ్రాసినచో, భూమి సూర్యుని చుట్టు తిరిగిన తీరు మీ చేతివ్రాతలోనే కనబడును. మీరు ఈ తరగతిని విడిచి పోవునపుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారికి అప్పగింపుడు.

2032 నవంబరు 13 మధ్యాహ్నమున బుధుడు మరల సూర్యబింబమును దాటును. విశాఖలో మబ్బు లేనిచో అది మొదటినుండి చివరివరకు కనబడును. సూర్యుని వట్టికంటితో గాని, దూరదర్శినితో గాని సూటిగా చూచినచో కన్ను పోవును. దూరదర్శినినుండి వచ్చు సూర్యబింబమును తెల్లకాగితముపై పడనిచ్చి, ఆ కాగితమునే చూడవలెను. ఆనాటికి మీరు పెద్దవారై యుందురు. 1868లో నరసింగరావు చూచిన ఆ నల్లని చుక్కనే మీరును చూచెదరు. చూచి ఊరకుండక, ఏ క్షణమున చూచితిరో వ్రాసియుంచుడు. డాబా గార్డెన్సులోని గోడలు పోయినను, ఆ వేధశాల యప్పుడు మరల తెరచినట్లే యగును.