హేచరీ పిల్లలా? ఏటి చేపలా?



శ్రావణమాసంలో ద్వారకా నగర్ బస్సు స్టేషనుకు వెళ్ళి చూడండి. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చిన బస్సులోంచి ఎవరైనా ఐసు పెట్టెను జాగ్రత్తగా దింపుకుంటుంటే, అందులో ఏముందో అడగనక్కరలేదు. పులస! పుస్తెలు అమ్మైనా పులస తినాలని మనవాళ్ళు ఊరికే అనలేదు కదా. అదే చేపను సముద్రంలో ఉండగా విలస అంటారు. ఎర్రనీరు రాగానే గోదాట్లోకి ఎదురెక్కి వస్తుంది, పులస అవుతుంది, ధర పదింతలవుతుంది.

అయితే ఈ పులస నానాటికీ కరువైపోతున్నది. అప్పుడు సహజంగా ఒక ప్రశ్న పుడుతుంది: "ఏమండీ, బొచ్చె, రాగండి పిల్లల్ని హేచరీలో పుట్టించి చెరువుల్లో వదులుతున్నాం గదా! పులసను కూడా అలాగే పుట్టించి గోదాట్లో వదిలితే తీరిపోదూ?"

మంచి ప్రశ్నే. కాని దీనికి జవాబు ఒక్క ముక్కలో దొరకదు. ప్రపంచమంతటా చేపను ప్రేమించేవారే ఈ విషయంలో రెండుగా చీలి వాదించుకుంటున్నారు. ఇరుపక్షాల మాటా విందాం.

ముందు హేచరీకి దక్కవలసిన మర్యాద దక్కనివ్వాలి. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన గండు చేపల చేత గుడ్లు పెట్టించారు. అంతకు ముందు చేప పిల్లలు కావాలంటే వరదలో ఏటి గట్టున కాచుకుని పట్టవలసిందే. మన చెరువుల్లో ఈనాడు ఇంత చేప పండుతున్నదంటే ఆ పనికి మనం ఋణపడి ఉన్నాం. రొయ్య సంగతీ అంతే. ఒకప్పుడు పాయల్లో సన్నవలలతో రొయ్యపిల్లను ఏరుకునేవారు. దానితో పాటు పడిన వేలాది చేపపిల్లలను గట్టున పారబోసేవారు. భీమిలి తీరాన హేచరీలు వచ్చిన తరువాత ఆ నష్టం చాలా తగ్గింది.

కాని చెరువు వేరు, ఏరు వేరు. చెరువులో వేసిన పిల్లను మనం మేపుతాం, పట్టి అమ్ముతాం. ఏట్లో వేసిన పిల్ల తన తిండి తానే వెతుక్కోవాలి, శత్రువును తప్పించుకోవాలి, తిరిగి వచ్చి గుడ్లు పెట్టాలి. ఇక్కడే వస్తుంది చిక్కు.

అమెరికాలో సాల్మన్ అనే చేప ఉన్నది. మన విశాఖ బజారులో ఇండియన్ సాల్మన్ అని అమ్మేది మన మాగ చేప. దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఆ సాల్మన్ మన పులస లాగే సముద్రంలో పెరిగి ఏట్లో గుడ్లు పెడుతుంది. నదులకు ఆనకట్టలు కట్టారు, చేప దారి మూసుకుపోయింది. సరే, బదులుగా హేచరీలు కడతామన్నారు. ఏళ్ళ తరబడి కోట్లాది పిల్లలను వదిలారు. గాలం వేసేవారికీ వలవారికీ చేప దొరికింది. ఆ నదులపై ఒడంబడిక హక్కులున్న ఆదివాసులకూ కొంత దక్కింది. కాని ఏటి సొంత సాల్మన్ మాత్రం చాలాచోట్ల కోలుకోలేదు.

ఎందుచేత? ఆరెగాన్ రాష్ట్రంలోని హుడ్ నదిలో, సాల్మన్ కుటుంబానికే చెందిన స్టీల్‌హెడ్ చేపలను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. హేచరీలో పెరిగిన ఒక్కొక్క తరానికి, ఏట్లో సంతానం కనే శక్తి సుమారు 40 శాతం పడిపోతున్నదని 2007లో ప్రకటించారు. పందిట్లో మేత తిన్న మేకను అడవికి తోలినట్లన్నమాట.

అయితే హేచరీలు మూసేద్దామా? అంత తొందర కూడదు. ఎల్వా అనే నది మీది రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 లోపల పడగొట్టారు. అక్కడి క్లాలం తెగవారు, "గోడ వెనక పేరుకున్న మట్టి ఒక్కసారి కొట్టుకొస్తే ఉన్న కాసిని చేపలూ చస్తాయి. హేచరీలో విత్తనం దాచుకోవాలి" అన్నారు. వన్యమత్స్య సంరక్షకులు, "హేచరీ చేప కలిస్తే ఏటి చేప కోలుకోదు" అని 2012లో కోర్టుకెక్కారు. ఇద్దరూ చేప మేలు కోరినవారే! తరువాత చేపలు పాత ఆనకట్టలు దాటి పైకి ఎక్కాయి. 2023లో ఆ తెగవారు మళ్ళీ తమ ఏట్లో కొద్దిగా వేట సాగించారు.

మన దక్షిణదేశంలోనే మరొక పాఠం ఉన్నది. కావేరీలో మూపున్న మహసీర్ అనే పెద్ద చేప ఉన్నది. అది కావేరీ పరివాహకంలో తప్ప మరెక్కడా లేదు. మహసీర్ తగ్గుతున్నదని 1970ల చివరి నుంచి, లోనావాలా హేచరీలో పుట్టిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను కావేరీలో వదిలారు. అది వేరే జాతి. గాలం వేసేవారు పట్టిన ప్రతి చేపనూ పుస్తకంలో రాసుకుని తిరిగి నీళ్ళలో వదిలేవారు. 1998 నుంచి 2012 వరకు గాలిబోరె శిబిరంలో రాసిన ఆ లెక్కలు చూస్తే, నీలిరెక్కలది పెరిగింది, మూపుది దాదాపు కనుమరుగైంది. 2018లో గాని ఆ మూపు చేపకు సరియైన శాస్త్రీయనామం స్థిరపడలేదు. ఆ ఏడే దానిని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. చూశారా! నదిలో చేపలు నిండుగానే కనబడుతున్నాయి. కాని ఏ చేపలు?

ఇక మన పులస దగ్గరకు వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది. దానిని ఎవరూ తప్పుపట్టరు. కాని నదులకు అడ్డంగా కట్టిన గోడలు చేపల దారి మూస్తాయని 1873లోనే ఫ్రాన్సిస్ డే తన నివేదికలో హెచ్చరించాడు. పైగా పులస సుకుమారమైన చేప. వల తగలగానే పొలుసు రాలుతుంది, గట్టు చేరేలోగా ప్రాణం పోతుంది. బొచ్చెను పుట్టించినంత తేలికగా దీనిని పుట్టించలేం.

మరి దారి లేదా? ఉన్నది. బంగ్లాదేశ్‌లో ఈ పులసనే ఇలిష్ అంటారు. అక్కడ గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపించారు. పిల్ల ఇలిష్‌ను పట్టడం నిషేధించి, ఆ రోజుల్లో బెస్త కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. 2002-03లో 2 లక్షల టన్నుల దరిదాపుల్లో ఉన్న దిగుబడి 2017-18లో 5 లక్షల టన్నులు దాటింది. ఇది హేచరీ పిల్లలు తెచ్చిన పెరుగుదల కాదు. ఏట్లో పుట్టిన పిల్లను బతకనిచ్చినందువల్ల వచ్చినది. బియ్యం సంగతి మరువకండి. వేటకు పోవద్దన్నప్పుడు పొయ్యి వెలగాలి గదా!

కనుక రైతు సోదరులారా, మీరు చేయదగిన పనులు ఇవి. మీ చెరువుకు హేచరీ పిల్లను నిస్సంకోచంగా తెచ్చుకోండి. కాని గట్టు పటిష్ఠంగా ఉంచి, అలుగుకు జల్లెడ కట్టండి. ఎక్కడి పిల్లనో తెచ్చి ఏట్లో, వాగులో పోయకండి. నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ జోలికి అసలే పోవద్దు. తొలకరిలో ఎదురెక్కే చేపకు అడ్డంగా మావులు కట్టవద్దు. మత్స్యకార సోదరులారా, సన్నకన్ను వల మానండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల సముద్రవేట విరామాన్ని పాటించండి. ఆ రోజులకు రావలసిన భృతిని అడిగి తీసుకోండి.

ఏటి చేప పూర్తిగా పోయేచోట విత్తనం దాచటానికి హేచరీ కావాలి. కాని దారి మూసి, పిల్లను పట్టి, నీరు చెడగొట్టి, ఆ తప్పులన్నిటినీ హేచరీ దిద్దుతుందనుకుంటే మాత్రం మోసపోతాం. విత్తనం ఎంత మంచిదైనా చేను బాగుండాలని మీకు వేరే చెప్పాలా?