వార్తల్లో పదం: టెయిలింగ్ పాండ్

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ మిల్లు 2012లో మొదలైంది. అక్కడ టన్ను ముడి రాయిని పిండి చేస్తే దక్కే యురేనియం అరకిలో కూడా ఉండదు. మిగతాదంతా బురదే. దాన్ని పైపుల్లో పంపి, కొండల నడుమ కట్ట వేసి నిల్వ చేసే చోటే టెయిలింగ్ పాండ్.

ఇక్కడిది సున్నపు జాతి రాయి. యురేనియం కరిగించడానికి యాసిడ్ పోస్తే రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి వేడిమీద, ఒత్తిడిలో కరిగిస్తారు. బురదలో సోడియం లవణాలు చేరేది అలాగే. యురేనియం తీసేసినా రేడియం, థోరియం అందులోనే ఉండిపోతాయి. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది.

బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కు షోకాజ్ నోటీసిచ్చింది. బురద నీరు నేలలోకి ఇంకకుండా పాండ్ అడుగున వేసే లైనింగ్ సరిగా ఉందా లేదా అన్నదే అసలు పేచీ. కార్పొరేషన్ మాత్రం ఈ ఆరోపణలను కొట్టిపారేస్తోంది. బోరే దిక్కయిన సీమలో ఇది చిన్న తగాదా కాదు.

చట్టంలోనూ ఓ మెలిక ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు రేడియోధార్మిక వ్యర్థాలకు వర్తించవు. వాటిని ఆ నిబంధనలు 1962 నాటి అణుశక్తి చట్టానికే వదిలేశాయి. చూసేది ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి. నీటి, గాలి అనుమతులేమో రాష్ట్ర కాలుష్య మండలివి. మరి బోరు చెడిన రైతు ఎవరి గడప తొక్కాలి? పైగా 2012 నాటికి ఆ ముంబై మండలి జవాబు చెప్పుకునేది అణుశక్తి కమిషన్‌కు; దాని అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. యురేనియం కార్పొరేషన్ ఉన్నదీ ఆ శాఖ కిందే. ఆ అణు మండలికి తగిన స్వతంత్రత లేదని 2012లోనే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపింది.