తాతగారి జావా, తండ్రిగారి హీరో హోండా

చిక్కబళ్లాపురం జిల్లాలోని బాగేపల్లి, చింతామణి ప్రాంతపు పల్లెల్లో కొన్ని ఇళ్ల వసారాలలో నేటికీ రెండు పాత బండ్లు కనబడుతాయి. ఒకటి తాతగారి జావా, రెండవది తండ్రిగారి హీరో హోండా. సెలవులకు వచ్చిన మనుమడు జావా దుమ్ము దులిపి, బంకులో ఉత్త పెట్రోలు పోయించుకొని బయలుదేరితే ప్రమాదమే. ఎందుకో తెలుసుకుందాం.

మైసూరులో ఫరూక్ ఇరానీ నెలకొల్పిన ఐడియల్ జావా కర్మాగారంలో, చెకోస్లొవేకియా సంస్థ లైసెన్సుతో 1961లో జావా ఉత్పత్తి ప్రారంభమైంది. తరువాత యెజ్డీ పేరుతో బండ్లు తయారుచేసిన ఈ కర్మాగారం 1996లో మూతపడింది. 250 సీసీ తరగతి ఇంజను, రెండు సైలెన్సర్లు, కిక్కుకూ గేరుకూ ఒకే మీట దీని ప్రత్యేకతలు. హీరో హోండా సీడీ 100 వచ్చింది 1985లో. దాని ఇంజను 97 సీసీ మాత్రమే.

అసలు భేదం ఇంజను పనిచేసే తీరులో ఉంది. జావాది టూ స్ట్రోక్. క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి ఇంధనం మండుతుంది. అందువల్ల లాగుడు ఎక్కువ. అయితే కొంత ఇంధనం మండకుండానే సైలెన్సరు గుండా పోతుంది కనుక పొగ ఎక్కువ, మైలేజీ తక్కువ. సీడీ 100 ఫోర్ స్ట్రోక్. రెండు చుట్లకు ఒకసారే మండుతుంది, వృథా తక్కువ. లీటరుకు 80 కిలోమీటర్లని ప్రకటించి ఆ కంపెనీ మధ్యతరగతిని ఆకట్టుకుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో అడుగున ఉండే ఆయిలే పిస్టనుకు కందెన. టూ స్ట్రోకులో ఆ ఏర్పాటు లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనును, బేరింగులను కాపాడాలి. అది లేకుంటే పిస్టను వేడెక్కి బోరులో పట్టుకుపోతుంది. పరుగులో ఉండగా వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటే మనిషి పడిపోవచ్చు. అటువంటప్పుడు వెంటనే క్లచ్ పట్టుకోవాలి.

కనుక పాత జావా, యెజ్డీలకు లీటరు పెట్రోలుకు సాధారణంగా 30 నుండి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలుపుతారు. మీ బండికి తగిన పాలు దాని పుస్తకంలో చూడండి, లేదా పాత మెకానిక్కును అడగండి. గేరు బాక్సు ఆయిలు వేరు. దానినీ విడిగా చూసుకోవాలి. హీరో హోండా పెట్రోలులో మాత్రం ఆయిలు కలుపరాదు. కలిపితే పొగ వచ్చి, ప్లగ్గుకు మసి పడుతుంది. 2018లో తిరిగి వచ్చిన కొత్త జావా కూడా ఫోర్ స్ట్రోకే. పేరు చూసి పొరబడకూడదు.

రోడ్డెక్కించే ముందు ఆర్‌సీ కూడా చూడండి. 15 ఏళ్లు దాటిన బండికి తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి.

పెద్దలారా, బండి తాళంచెవితో పాటు ఈ ఆయిలు లెక్క కూడా పిల్లలకు అప్పగించండి.