కొంగుముడి చెప్పని మాట

విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటలు ఎక్కువ. కాయ ముదరకముందే గాలివాన వచ్చిందంటే కాయలు కుప్పలుగా రాలిపోతాయి. రాలిన కాయకు ధర పలకదు.

అలాంటి కాయలు ఏరే ఒక అక్కను అనుకుందాం. ఏరుతూ ఉంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. "ఈ కాయల్ని ముక్కలు కోసి ఎండబెడితే? ఒరుగులు చాలాకాలం నిలవుంటాయి. నలుగురం కలిసి చేస్తే అమ్ముకోవచ్చు కదా!"

మంచి ఆలోచనే. సాయంత్రం ఇంటికి వచ్చింది. నీళ్లు తేవాలి. పొయ్యి వెలిగించాలి. చంటిదానికి ఒళ్లు వెచ్చగా ఉంది. రాత్రి పడుకునేసరికి ఆ ఆలోచన లేదు. "ఏదో అనుకున్నానే!" అంది. ఏమిటో గుర్తు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ గాలివాన. మళ్లీ కాయలు కారుచౌకగా పోయాయి.

ఆమెకు తెలివి లేక కాదు. వచ్చిన ఆలోచనను దాచుకునే చోటు లేక.

ఆలోచన ఎందుకు జారిపోతుంది?

మనసు ఒక్కసారికి కొన్ని సంగతులనే పట్టుకోగలదు. కొత్త పని మీద పడితే పాత సంగతి పక్కకు జరుగుతుంది. ఆడవాళ్ల రోజంతా పని వెంట పని. ఇంక ఆలోచన ఎక్కడ నిలుస్తుంది?

ఇంకో చిత్రం ఉంది. తీరిగ్గా కూర్చున్నప్పుడే ఆలోచనలు రావాలని లేదు. పత్తి తీసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు చేతులు పని చేస్తుంటాయి. మనసు మాత్రం తిరుగుతుంటుంది. చాలాసార్లు అప్పుడే కొత్త సంగతి తడుతుంది.

ఇది మన పెద్దవాళ్లకు తెలుసు. అందుకే మరిచిపోకుండా కొంగుకు ముడి వేసుకునేవాళ్లు. పాల లెక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాళ్లు. ఒక రకంగా అవీ రాతలే. అయితే ముడి "ఏదో ఉంది" అని చెబుతుంది. ఏముందో చెప్పదు. గీత "ఇన్ని" అని చెబుతుంది. ఎందుకో చెప్పదు. అక్షరం అన్నీ చెబుతుంది.

రాసినందుకు నిలిచిన మాటలు

తాళ్లపాక అన్నమయ్య 15వ శతాబ్దంలో వేలాది పాటలు కట్టాడు. వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల గుడిలో వందల ఏళ్లు ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో వాటిని చదివి అచ్చు వేశారు. అందుకే ఈనాడు మనం ఆ పాటలు వింటున్నాం. మన ఊళ్లలో ఆడవాళ్లు కూడా జోలపాటలు కట్టారు, నాట్లపాటలు కట్టారు. కట్టిన వాళ్ల పేర్లు ఏవి? ఎవరూ రాసిపెట్టలేదు.

బెంగాల్లో రాససుందరీదేవి అనే ఆమె ఉండేది. ఆడది చదివితే ఇంటికి కీడు అనే రోజులవి. ఆమెది పెద్ద సంసారం. ఒక పుస్తకంలోని కాగితం ఒకటి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి దాచుకుంది. రెండూ పోల్చి చూసుకుంటూ ఎవరికీ తెలియకుండా చదవడం నేర్చుకుంది. చాలా ఏళ్లకు రాయడం వచ్చింది. తన బతుకు తానే రాసుకుంది. అది 1876లో పుస్తకంగా వచ్చింది.

మనకు దగ్గరలోనే ఇంకొకామె ఉంది. భండారు అచ్చమాంబ. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. అది అప్పటి కృష్ణా జిల్లా. ఇప్పుడు పెనుగంచిప్రోలు, విస్సన్నపేట రెండూ ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్నాయి. అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే తోడు కూర్చుని నేర్చుకుంది. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. ఆడవాళ్లకు తెలివి తక్కువ అనే మాట తప్పని చూపించాలనుకుంది. దేశంలో ఎందరో ఆడవాళ్ల జీవితాలు వెతికి సేకరించింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పుస్తకం రాసింది. అది 1901లో వచ్చింది. 1902లో 'ధనత్రయోదశి' అనే కథ రాసింది. 1905లో చనిపోయింది. బతికింది 30 ఏళ్లే. రాసింది కాబట్టే నూరేళ్లు దాటినా ఆమె మాట మనకు అందింది.

ఎలా రాసుకోవాలి?

దీనికి పెద్ద ఖర్చు లేదు. పిల్లల పాత నోటు పుస్తకాల్లో ఖాళీ కాగితాలు మిగులుతాయి. వాటిని చింపి సూదీ దారంతో కుట్టుకోవాలి. పెన్సిలుకు దారం కట్టి పుస్తకానికి వేలాడదీయాలి. లేకపోతే రాయాలనుకున్న వేళకు పెన్సిలు దొరకదు. పుస్తకాన్ని రోజూ కంటపడే చోట మేకుకు తగిలించాలి. పెట్టెలో దాస్తే అది పెట్టెలోనే ఉంటుంది.

చేలో ఉన్నప్పుడు ఆలోచన వస్తే? కొంగుకు ముడి వేసుకోవాలి. పక్కనున్న అక్కతో ఆ మాట పైకి చెప్పాలి. ఇంటికి రాగానే, పొయ్యి వెలిగించక ముందే రాసేయాలి.

మొత్తం రాయనక్కర లేదు. నాలుగు మాటలు చాలు. తారీఖు వెయ్యాలి. మాట రాకపోతే బొమ్మ గీయాలి. ఒక పేజీ ఇలా ఉండవచ్చు:

"ముగ్గు. 15 చుక్కలు. సందు చుక్క 8 వరకు. మధ్యలో మామిడి పిందె."

"అమ్మమ్మ జోలపాట. రెండో చరణం రాదు. అడగాలి."

"జాకెట్టు ముక్కలతో చంటిదానికి గౌను. మెడకు పచ్చ ముక్క."

"రాలిన కాయలు. ఒరుగులు. సంఘంలో మాట్లాడాలి."

వారానికి ఒకరోజు ఈ పేజీలు తిరగేయాలి. కొన్ని పనికిరావు. పోనివ్వండి. కొన్ని పెరుగుతాయి. ఒరుగుల మాటే చూడండి. ఎన్ని కాయలు కోశారు, ఎన్ని రోజులు ఎండాయి, ఎక్కడ బూజు పట్టింది, ఎంతకు అమ్మారు? ఈ ఏడు రాసుకుంటే వచ్చే ఏడు అదే తప్పు జరగదు. ఒక్క ముక్కగా మొదలైన ఆలోచన నలుగురికి పని అవుతుంది.

సెల్‌ఫోన్ ఉన్నవాళ్లు పాటను అందులో పాడి దాచుకోవచ్చు. కానీ ఫోను పాడైతే పాట పోతుంది. మాటలు కాగితం మీద కూడా ఉండాలి.

"నాకు ఒత్తులు సరిగా రావు. ఎవరైనా చూస్తే నవ్వుతారు" అని కొందరు వెనకాడతారు. ఈ పుస్తకం పరీక్ష పేపరు కాదు. దీనికి మార్కులు లేవు. రాసినామెకు అర్థమైతే చాలు. ఒత్తులు రాస్తుంటే వస్తాయి. రాయడం మానేస్తే నేర్చుకున్న అక్షరాలు కూడా నెమ్మదిగా చెరిగిపోతాయి. రోజుకు రెండు ముక్కలు రాస్తే ఆలోచనా నిలుస్తుంది, చదువూ నిలుస్తుంది.

చేసి చూడండి

1. ఈ వారం మీకు వచ్చిన ఆలోచన ఒకటి నాలుగు మాటల్లో రాయండి.

2. మీ ఇంట్లో పెద్దామెకు తెలిసిన పాట ఒకటి అడిగి రాసుకోండి. పాట కింద ఆమె పేరు రాయడం మరవకండి.