వదిలివేసిన వేటకుక్క హక్కు

గోదావరి లంకల్లోనూ, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండ గ్రామాల్లోనూ అడవి పందుల బెడద రైతులకు కొత్త కాదు. పంట కాపలాకు, ఒకప్పుడు వేటకు కూడా, కుక్కలను పెంచడం ఇక్కడ పాత అలవాటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. కుక్కలను ఉసిగొల్పి అడవి జంతువును వెంటాడించడం కూడా వేట కిందికే వస్తుంది. కుక్కకు ఆ పని పోయింది. వయసు మళ్లిందనో, కాలు విరిగిందనో, పంట ఇల్లు చేరిందనో దానిని పొలిమేరలో వదిలి వచ్చేవారున్నారు. అదేమిటని అడిగితే, "నజిస్ జంతువే కదా!" అంటారు. మన ఇళ్లలో ఈ మాట మరీ తేలికగా వస్తుంది గనుక దీనిని నిదానంగా పరిశీలించాలి.

కేవలం సరదా కోసం కుక్కను పెంచుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. వేటకు, పశువుల మందకు, పొలం కాపలాకు మినహాయింపునిచ్చారు. హనఫీ ఫుఖహాల దృష్టిలో కుక్క లాలాజలం అపవిత్రం. పొడిగా ఉన్న దాని ఒళ్లు తగిలినంత మాత్రాన బట్ట అపవిత్రం కాదు. అది మూతిపెట్టిన పాత్రను కడగమన్న ఆదేశం పాత్ర శుద్ధికి సంబంధించినది. కుక్కను ఆకలితో మాడ్చడానికి అందులో అనుమతి వెతకడం అన్యాయం.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 4వ ఆయత్, శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి ఉంచినదానిని హలాల్ చేసింది. ఆ శిక్షణ అల్లాహ్ మనిషికి నేర్పిన జ్ఞానంలోనిదేనని కూడా పేర్కొంది. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)కు ప్రవక్త (స) ఇచ్చిన వివరణ ప్రకారం, పట్టిన జంతువును కుక్క తానే తింటే అది మనకు తగదు. యజమాని కోసం ఉంచితేనే తినవచ్చు. అంటే నోట మాంసం ఉండగా ఆకలిని అణచుకోవడమే ఆ కుక్క నేర్చిన చదువు. అటువంటి జంతువును ముసలితనంలో ఆకలికి వదలడం ఎంతటి కృతఘ్నత! పిల్లిని బంధించి, తిండి పెట్టక, వెతుక్కోనూ ఇవ్వక చంపిన స్త్రీ నరకం పాలైందనీ, దప్పికగొన్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి తాగించిన మనిషికి మన్నింపు లభించిందనీ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. జంతువుకు తిండి పెట్టడం యజమాని విధి అనీ, చేతకాకపోతే పోషించగలవారికి అప్పగించాలనీ ఫుఖహాలు రాశారు.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

వదిలిన కుక్క వల్ల నష్టం దానితోనే ఆగదు. గుంపులో కలిసి మేకపిల్లలపై పడుతుంది. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో పెట్టే గుడ్లను తవ్వి తింటుంది. టీకా లేని కుక్కకు రేబిస్ సోకితే మనుషులకే ముప్పు. ఆ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిస్తే పసుపు, కారం అద్దుతూ కూర్చోకుండా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

కుక్కను తెచ్చుకునేవారు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి, పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా మళ్లీ వేయించాలి. నమాజు చేసే చోటికి, వంటింటికి దూరంగా, పశువుల పాక పక్కన దానికి నీడ, వేరే గిన్నె ఏర్పాటు చేస్తే చాలు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరినప్పుడు లంకలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. అలాంటి రోజున ఇల్లు విడిచే ముందు గొలుసు విప్పండి; పడవలో చోటుంటే దానినీ ఎక్కించండి.