పట్టుపురుగు, ప్రభుత్వము, పరిశోధకుడు

బెంగుళూరు నుండి గుంతకల్లుకు పోవు రైలుమార్గములో హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకదాని తరువాత ఒకటి వచ్చును. పూర్వము ఇవి అనంతపురము జిల్లాలోనివి. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. హిందూపురము, పెనుకొండ పరిసరములలో రైతులు మల్బరీ నాటి పట్టుపురుగులను మేపుదురు. గూళ్ళు హిందూపురము అంగడికి వచ్చును. ధర్మవరములో మగ్గములపై పట్టుచీరలు నేయుదురు. హిందూపురమునకు దాపున కిరికెరలో రాష్ట్రప్రభుత్వము వారి పట్టు పరిశోధనాసంస్థ కలదు.

ఇట్టి సంస్థలను గూర్చి తరగతిలో చెప్పునపుడు విద్యార్థులు ఒక ప్రశ్న వేయుచుందురు. "జీతమిచ్చేది ప్రభుత్వమే గదా సార్, మరి ప్రభుత్వం చెప్పినట్లు వినక శాస్త్రజ్ఞులకు స్వాతంత్ర్యమెందుకు?" ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము పట్టుపురుగు చరిత్రలోనే దొరకును.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున ఫ్రాన్సుదేశములో పట్టుపురుగులు ఒక వ్యాధిచే గుంపులుగా చచ్చుచుండెను. పురుగు ఒంటిపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలు వచ్చుటచేత దానికి పెబ్రిన్ అని పేరు వచ్చినది. 1865లో ఫ్రెంచి ప్రభుత్వము లూయీ పాశ్చరును దక్షిణ ఫ్రాన్సులోని అలెస్ పట్టణమునకు పంపెను. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకుముందు పట్టుపురుగును గూర్చి ఏమియు ఎరుగడు. అయినను ఆయన గురువు, సెనేటు సభ్యుడు అగు డ్యూమా పట్టుబట్టి ఒప్పించెను.

రోగగ్రస్తమైన పురుగులలో మెరయుచుండు అండాకారపు సూక్ష్మకణములు కనబడుచుండెను. ఇవి రోగమునకు కారణము కావు, రోగము వలన శరీరములో పుట్టినవే అని పాశ్చరు మొదట తలచెను. దాదాపు రెండేండ్లు ఆ అభిప్రాయమునే పట్టుకొని యుండెను. తరువాత జబ్బుపడిన పురుగులను నూరి, ఆ రసమును మల్బరీ ఆకులకు పూసి ఆరోగ్యముగా నున్న పురుగులకు పెట్టి చూడగా, ఆ కణములే రోగబీజములని తేలినది. తన మాటను తానే మార్చుకొనెను. 1870లో తన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను.

ఇచ్చట ఒక్క విషయము గమనింపవలెను. సమస్యను ఎన్నినది ప్రభుత్వము, ఖర్చు ప్రభుత్వముది. సమాధానము మాత్రము ప్రభుత్వము చెప్పలేదు. పాశ్చరు మొదటి అభిప్రాయమును మంత్రిగారు ఉత్తరువుగా జారీచేసి, దానికి విరుద్ధముగా ఎవ్వరును మాటాడరాదని శాసించియున్న యెడల పురుగులతోబాటు పరిశ్రమయు చచ్చియుండెడిది.

ఆయన కనిపెట్టిన నివారణోపాయము మిక్కిలి సులభమైనది. ఈ రోగము తల్లి నుండి గ్రుడ్డులోనికి పోవును. కావున ఒక్కొక్క తల్లి సీతాకోకచిలుకను వేరువేరుగా గ్రుడ్లు పెట్టనిచ్చి, పిదప దానిని నూరి సూక్ష్మదర్శినిలో చూడవలెను. కణములు కనబడినచో ఆ గ్రుడ్లను నాశనము చేయవలెను. నేటికిని మన ప్రాంతపు గ్రైనేజీలలో తల్లి చిలుకల పరీక్ష ఈ సూత్రము మీదనే నడచుచున్నది. ఆనాడు గ్రుడ్లమ్ము వర్తకులలో అనేకులు పాశ్చరును వ్యతిరేకించిరి. తమ సరకును కాల్చివేయవలెనని చెప్పు శాస్త్రమును ఏ వర్తకుడు మెచ్చును?

ఇక మన దేశమునకు వత్తము. 1948 నాటి చట్టము ననుసరించి 1949లో కేంద్ర పట్టు మండలి ఏర్పడినది. ఇది కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ క్రింద నున్నది. అధ్యక్షుని కేంద్రప్రభుత్వము నియమించును. సభ్యులలో ఆరుగురిని పార్లమెంటు ఎన్నుకొనును. మైసూరులోని మండలి పరిశోధనాలయము 1990 తరువాతి దశకములో జపాను సహాయముతో సి.ఎస్.ఆర్. 2, సి.ఎస్.ఆర్. 4 వంటి బైవోల్టిన్ జాతులను తయారుచేసెను. మైసూరు నాటుజాతి గూటి నుండి వచ్చు దారము పొట్టిది. బైవోల్టిన్ గూటి నుండి వేయి మీటర్ల వరకు తెల్లని దారము వచ్చును. కాని ఈ జాతులు సుకుమారమైనవి. పెరిగిన పురుగులకు సుమారు 25 డిగ్రీల వేడిమి హితము. మన వేసవి సంగతి చెప్పనక్కరలేదు. మైసూరులో బాగుగా పండిన జాతి ధర్మవరము దాపున కూడ పండునని ముందుగా చెప్పుటకు వీలులేదు.

ఈ జిల్లాలో ఇన్ని గ్రుడ్లు బైవోల్టిన్ వేయింపవలెనని లక్ష్యము నిర్ణయించు అధికారము ప్రభుత్వమునకు కలదు. ఏప్రిల్ ఎండకు ఆ లక్ష్యము తెలియదు. "ఈ నెలలో ఈ జాతి ఇచ్చట నిలువదు" అని వ్రాయు స్వాతంత్ర్యము పరిశోధకునికి లేకున్న యెడల నష్టము మంత్రికి గాని శాస్త్రజ్ఞునికి గాని కాదు, అప్పు తెచ్చి షెడ్డు కట్టిన రైతునకు.

మరొక చిక్కు కలదు. కొత్తజాతులను సృష్టించునది మండలియే. విత్తనపు గ్రుడ్లను ఉత్పత్తి చేయునదియు దాని విభాగమే. 2006 చట్టసవరణ తరువాత విత్తన నాణ్యత విషయములో నిబంధనల పనియు దాని నీడలోనే జరుగుచున్నది. వంట చేసినవారే రుచిచూచి ముద్రవేయుట వంటిది ఇది. ఎవ్వరి చిత్తశుద్ధిని నేను శంకించుట లేదు. ఏర్పాటును గూర్చి చెప్పుచున్నాను. పరీక్షకు వచ్చిన గ్రుడ్లకు జాతిపేరు తీసివేసి అంకెలు మాత్రము వేసి, పాతజాతితో కలిపి, వేరువేరు గ్రామములలో మేపించి, ఫలితములు వచ్చిన పిదపనే అంకెల గుట్టు విప్పినచో ఈ సందేహము చాలవరకు తీరును.

దిగుమతుల విషయములో ఈ చిక్కు మరింత స్పష్టము. 2011లో ముడిపట్టుపై సుంకమును 30 శాతము నుండి 5 శాతమునకు తగ్గించిరి. గూళ్ళ ధర పడిపోయి రైతులు గోలపెట్టిరి. 2013లో దానిని 15 శాతమునకు పెంచిరి. ధర్మవరము నేతగాండ్రకు పడుగునకు సమమైన, తెగని దారము చౌకగా కావలెను. హిందూపురము రైతునకు గూటికి ధర కావలెను. ఇద్దరును ఒకే మంత్రిత్వశాఖ ముఖము చూచుచున్నారు. సుంకమెంతయో నిర్ణయించుట ప్రభుత్వము పని. ఏ దారము ఎంత బలమైనది, ఎంత సమముగా నున్నది అనునది తూచి చెప్పుట పరిశోధనశాల పని. మొదటిది మారినపుడెల్ల రెండవది మారరాదు.

ఈ గీత చెరిగిపోయిన చోట ఏమగునో సోవియటు రష్యా చూపినది. 1948లో లైసెంకో వాదము ప్రభుత్వ మతమైనది. జన్యుశాస్త్రము చెప్పుట నేరమైనది. అంతకు ముందే, 1943లో, గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ చెరసాలలో మరణించెను.

మన దేశములో 1929లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధనా మండలిని, 1942లో ఏర్పడిన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలిని సంఘములుగా రిజిస్టరు చేసిరి. మంత్రిత్వశాఖ ఫైళ్ళ నుండి కొంత ఊపిరి దొరకవలెనని ఉద్దేశము. అయినను రెండవదానికి ప్రధానమంత్రియే అధ్యక్షుడు. మొదటిదాని అధిపతి 1973 నుండి ప్రభుత్వ కార్యదర్శి కూడ. అదే ఏట వ్యవసాయ శాస్త్రజ్ఞుల ఎంపికకు ప్రత్యేక మండలిని స్థాపించిరి. 2018లో దానిని పరిశోధనా మండలి నుండి విడదీసి ప్రభుత్వ శాఖకు జతచేసిరి. సంస్థ నుండి స్వతంత్రము చేయుటకు ప్రభుత్వమునకు దగ్గర చేయవలసి వచ్చుట విచిత్రమే!

హిందూపురము, పెనుకొండ ప్రాంతములలోని ఉపాధ్యాయులు పిల్లలను గ్రైనేజీకి తీసికొనిపోయి తల్లి చిలుకల పరీక్షను చూపవచ్చును. పెబ్రిన్ కణము పొడవు మిల్లీమీటరులో వేయింట నాలుగవ వంతులకు మించదు. ఆరువందల రెట్లు పెద్దదిగా చూపు సూక్ష్మదర్శిని చాలును. ఒకే గాజుపలకను ఇద్దరు విద్యార్థులచే వేరువేరుగా చూపించి, ఒకరి లెక్క ఒకరికి చెప్పకుండ వ్రాయింపవలెను.